అయిదో వంతు

"ఆ కాగితం మీద సంతకం పెట్టకండి," అంది రాధాకుమారి. పొద్దుటినుంచి అదే మాట మూడోసారి.

హరనాథబాబు తలెత్తలేదు. కలం మూత తీసి పక్కన పెట్టుకుని, రాసిన రెండు పేజీలూ మొదటినుంచి మళ్ళీ చదువుకుంటున్నాడు. మోచేతి దగ్గర కాఫీ చల్లారి మీగడ కట్టింది. పదకొండు రోజులుగా ఆ ఇంట్లో కాఫీ ఎవరూ వేడిగా తాగలేదు.

"ఎంక్వైరీలో మీ పేరు ఎక్కడా రాయలేదు. మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీ అంతట మీరే వెళ్ళి తప్పు నాదని చెప్పుకుంటారా?"

"నాది కాకపోతే ఎవరిది?"

"నాకేం తెలుసు?"

"ముత్తెన్నది అంటున్నారు. ఒప్పుకోమంటావా?"

రాధాకుమారి కాఫీ గ్లాసు తీసుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడే ఆగింది.

కరెంటు బోర్డు పరిశోధన విభాగం నుంచి హరనాథబాబు బాన్సువాడ వచ్చి పది నెలలైంది. తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేసే కొత్త మోటారునీ, వడ్ల పొట్టు తీసే పాత హల్లరుకి బదులు రబ్బరు రోలర్ల మరనీ ఒక రైసు మిల్లులో బిగించి, గంటగంటకీ మీటరు చూసి, ఎంత మిగులుతుందో తేల్చాలి. మిల్లు రాధాకుమారి తండ్రి రామబ్రహ్మంది. గంటగంటకీ మీటరు చూసినవాడు ముత్తెన్న, బోర్డు హెల్పరు. దీపావళి వెళ్ళిన మూడో రోజున, మధ్యాహ్నం వేళ, వెనకవైపు ఊక కొట్టం రేకు గోడకి చెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి మళ్ళీ తనంతట తాను తీసుకోలేదు.

ముగ్గురు అధికారులు వచ్చి చూసి వెళ్ళారు. మోటారు బాడీలోకి కరెంటు దిగి, ఇనప దూలాల మీదుగా రేకుకి పాకి ఉండవచ్చునన్నారు. కాని కాగితం మీద అన్నిటికంటే ముందు రాసిన మాట వేరు. మనిషి తాగి ఉన్నాడు, పనిలేని చోటికి ఒంటికి పోవడానికి వెళ్ళాడు, అని.

"అతను తాగడు రాధా. పది నెలలు నా పక్కన నిలబడ్డాడు. నాకు తెలియదా?" అన్నాడు హరనాథబాబు. "దసరా వెళ్ళాక, దారితప్పిన కరెంటుని నేలలోకి దింపే ఎర్తు గుంట చూడాల్సింది. ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పోయించాల్సింది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నాను. ఆ గుంట తడిగా ఉంటే అతను బతికేవాడు. ఇందులో అదే రాశాను. అతను తాగలేదు, తప్పు నాది, నేను బిగించిన మోటారుది అని."

"రాస్తే ఏమవుతుంది?"

"ఉద్యోగం పోతుంది. మోటారు పనికిరాదంటారు. ట్రయల్ మూసేస్తారు. ఇంకో పదేళ్ళు ఎవరూ దాని జోలికి పోరు."

"ఎనిమిదేళ్ళు కష్టపడ్డారు దాని కోసం. పెళ్ళయిన మర్నాడు కూడా మోటారు సంగతే చెప్పారు నాకు."

"అతనికి ముప్పై నాలుగేళ్ళు," అన్నాడు హరనాథబాబు.

 వీధిలో బిచ్కుంద బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.

"పన్నెండున్నర బస్సుకి హైదరాబాదు వెళ్తున్నాను. ఇది పోస్టులో వేసేది కాదు, నేనే ఇవ్వాలి," అని లేచి, తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి స్నానానికి వెళ్ళాడు. సంతకం ఇంకా పెట్టలేదు. రాధాకుమారి ఆ కాగితం వంక చూస్తూ, దాన్ని తీసి పొయ్యిలో పెడితే ఏమవుతుందా అనుకుంది. మళ్ళీ రాస్తాడు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు.

గేటు చప్పుడైంది.

"అక్కా, సారున్నడా?"

ప్రేమల. ముత్తెన్న భార్య. నిన్ననే దినాలయ్యాయి. బోసి నుదురు, నీలం అంచు పాత చీర. గేటు లోపలికి ఒక్క అడుగు వేసి అక్కడే నిలబడింది.

"రా ప్రేమలా, లోపలికి రా."

"వద్దక్కా, లోపటికి రాను. నా అసుంటిదాన్ని ఇంట్లకు పిలువొద్దు."

"నా ఇంట్లో అలాంటివేం లేవు, రా," అంటూ రాధాకుమారి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. ఆ చెయ్యి మరీ తేలికగా ఉంది. పదకొండు రోజుల్లో మనిషి సగమైంది.

ప్రేమల కొంగు చాటునుంచి ఒక నోటుబుక్కు తీసింది. అట్టకి పాత పేపరు తొడిగి ఉంది.

"ఇది మా ఆయన రాసుకున్న బుక్కు. ఆఫీసుల ఇచ్చే బుక్కు వేరే. ఇది ఆయన సొంతది. రోజు మీటరు కాడ, మల్ల పండుకునే ముంగట ఇందుల ఏదో రాసుకుంటుండె. సంచి దులుపుతుంటె నిన్న దొరికింది. సారుకిద్దామని తెచ్చిన."

"సారు స్నానానికి వెళ్ళారు. కూర్చో."

"అయితే నువ్వే సదువక్కా. నాకు సదువు రాదు." ప్రేమల చీర అంచు వేలికి చుట్టుకుంటూ ఆగింది. "తాగిండని రాసిండ్రట గదా. తాగలేదని ఇందుల ఏడన్న రాసుకున్నడేమో సూడు."

చనిపోయే మనిషి తను తాగలేదని ఎలా రాసుకుంటాడు? రాధాకుమారి చెయ్యి చాపి అందుకుంది. పుస్తకం తెరిచింది.

ప్రతి పేజీలో తేదీ, దాని కింద మీటరు అంకెలు, ఆ కింద రెండు మూడు ముక్కలు. గుండ్రటి దస్తూరీ, కష్టపడి నేర్చుకున్న చెయ్యి.

"చదవనా?" అని, ఒక పేజీ దగ్గర ఆగి పైకే చదివింది. "సారు ఇయ్యాల మస్తు ఖుషీగ ఉన్నడు. మూడో వంతు కరెంటు మిగిలిందట. గిట్ల మిల్లులల్ల మిగిలిందంత మా ఊరికిస్తరా సారూ అని అడిగిన. ఇస్తరు ముత్తెన్నా, జర ఓపిక పట్టాలె అన్నడు. ప్రేమలకు చెప్తె నవ్వింది."

"నవ్విన," అంది ప్రేమల. "నీ నోట్ల కరెంటున్నది, ఇంట్ల లేదు అన్న." ఆమె మొహంలో ఏదో కదిలి, మళ్ళీ ఆరిపోయింది. పిట్లం అవతల నాలుగు మైళ్ళలో వాళ్ళ ఊరు. స్తంభాలు ఊరికి అరమైలు ఇవతలే ఆగిపోయాయి.

రాధాకుమారి పేజీలు తిప్పుతూ చివరికి వచ్చింది. ఆఖరి పేజీ మీద తేదీ 7-11-83. అతను పోయిన రోజు.

అది పైకి చదవలేదు. కళ్ళతో చదివింది. మళ్ళీ చదివింది.

*మధ్యాహ్నం. సారు నిజామాబాదు పోయిండు. మీటరు కాడ మెయిన్ బందు పెట్టిన. మిషన్లు అన్నీ ఆగినయి. ఊక ఫ్యాను ఆగలేదు. తిరుగుతనే ఉన్నది. మీటరు కదులుత లేదు. కరెంటు ఏడికెల్లి వస్తున్నదో కొట్టం ఎనుక చూసి వస్త. సారు వచ్చినంక చెప్పాలె.*

"ఏం రాసిండక్కా?"

"ఏం లేదు. రీడింగులే. అంకెలు." రాధాకుమారి పుస్తకం మూసేసింది.

ఇంజనీరు భార్య కాబట్టే కాదు, మిల్లులో పెరిగిన పిల్ల కాబట్టి ఆమెకి ఆ నాలుగు ముక్కలూ అర్థమయ్యాయి. మిల్లులో ప్రతి మరా మీటరు దాటి వచ్చిన కరెంటుతోనే తిరగాలి. మెయిన్ కట్టేసినా, ఊకని కొట్టంలోకి ఊదే ఫ్యాను తిరిగిందంటే, దానికి వేరే తీగ ఉంది. ఆ తీగ ఎవరో వేశారు.

"ఇగ నేను పోతనక్కా. పన్నెండు గొట్టెవరకు మిల్లు కాడికి రమ్మన్నడు మీ నాయిన."

"ఎందుకు?"

"ఏదో కాయిదమట. ఏలుముద్ర వెయ్యాల్నట. తాగుడు సంగతి ఇగ తియ్యం, నీకు మిల్లుల పని ఇస్త, ఇప్పటికి ఇదంత బందు చేద్దాం అన్నడు. మంచిగనే మాట్లాడిండు. మా అత్త పోసవ్వ మాత్రం వెయ్యకు అన్నది. ఆమె అన్నం ముడ్తలేదక్కా. కొడుకు సచ్చిండని గాదు, తాగి సచ్చిండని ఊరోళ్ళంటున్నరని."

రాధాకుమారి లేచి నిలబడింది.

"ప్రేమలా, నువ్వు ఎక్కడికీ కదలకు. ఇక్కడే కూర్చో. నేను తిరిగొచ్చేదాకా దేని మీదా వేలిముద్ర వెయ్యకు. సారు వస్తే ఇప్పుడే వస్తానని చెప్పు."

నోటుబుక్కు చేత్తో పట్టుకునే గేటు దాటింది. కాళ్ళకి చెప్పులు లేవన్న సంగతి మిల్లు దగ్గరికి చేరేదాకా తెలియలేదు.

* * *

మిల్లు ఆగిపోయి పదకొండు రోజులు. ఆవరణలో వడ్ల బస్తాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కోతల రోజుల్లో ఈ పాటికి బళ్ళు బారులు తీరి, తౌడు దుమ్ములో మనిషికి మనిషి కనపడకుండా ఉండేది. ఇప్పుడు పిచ్చుకలు బస్తాల మీద తీరుబడిగా తిరుగుతున్నాయి.

రామబ్రహ్మం మిల్లు పక్కనున్న ఇంటి వసారాలో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే చాప మీద తల్లి వెంకటరత్నమ్మ కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది.

"రామ్మా. అల్లుడుగారు ఏమైనా తిన్నారా?" అన్నాడు రామబ్రహ్మం.

"ఊక ఫ్యానుకి కరెంటు ఎక్కడినుంచి వచ్చేది నాన్నా?"

వెంకటరత్నమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది.

"అదేం ప్రశ్నే? మిల్లుకి వచ్చే కరెంటే."

"మెయిన్ కట్టేసినా తిరిగిందట."

"ఎవరన్నారు?"

రాధాకుమారి పుస్తకం తెరిచి, ఆఖరి పేజీ చదివింది.  రామబ్రహ్మం వింటూ వింటూ మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. 

"ఎవరు వేశారు నాన్నా తీగ?"

"నేనే."

"ఎందుకు?"

"ఎందుకంటావేమిటే? నీ మొగుడి కోసం!" రామబ్రహ్మం ఒక్కసారిగా గొంతు పెంచాడు. "చైత్రమాసంలో ఆయనకి పై ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది గుర్తుందా? అయిదో వంతే మిగుల్తోంది, పావు వంతన్నా లేకపోతే లాభం లేదు, మూసేస్తాం అని. ఇదే వసారాలో కూర్చుని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు ఆయన. నువ్వు చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తిరిగావు. నేను చూడలేకపోయాను. ఫ్యాను ఒక్కటి మీటరు తప్పిస్తే చాలనిపించింది. స్తంభం దగ్గరనుంచి తీగ లాగి, కొట్టం వెనకనుంచి ఫ్యానుకి ఇచ్చాను. రోజూ ముత్తెన్న మెయిన్ కట్టేసేలోపు నేనే ఫ్యాను స్విచ్చి తీసేసేవాణ్ణి. ఆ రోజు మరిచిపోయాను. అంతే."

"అంతేనా?"

"పాత తీగ. ఎలకలు కొరికి ఉంటాయి. రేకుకి తగిలి ఉంటుంది. నేను అతన్ని చంపాలనుకున్నానంటావా? కృష్ణా ఒడ్డునుంచి ఈ కాలవ కిందకి వచ్చి ముప్పై ఏళ్ళు. ఇక్కడి మనిషికి ఒక్కడికి అపకారం చేశానని ఎవరినైనా చెప్పమను."

రాధాకుమారి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ ఉత్తరానికి ఆయన జవాబు రాశారు నాన్నా. అయిదో వంతు తక్కువేం కాదు, వెయ్యి మిల్లుల్లో అయిదో వంతు మిగిలితే ఎన్ని ఊళ్ళకి దీపాలొస్తాయో చూడండని. నాలుగు పేజీలు రాశారు. పై వాళ్ళు ఒప్పుకున్నారు. ట్రయల్ నడపమని వారంలో కబురొచ్చింది."

రామబ్రహ్మం కూతురి వంక చూశాడు. అర్థం కానివాడిలా చూశాడు.

"ఒప్పుకున్నారా?"

"ఆయనకి అయిదో వంతు చాలు నాన్నా. నాతో చెప్పారు. మీకు కూడా చెప్పాలని నాకే తోచలేదు." ఆమెకి ఏడుపు రాలేదు.  "ఆ వారమే ఆయన రోలర్ల మధ్య ఎడం సరిచేశారు. అంకె మూడో వంతుకి పోయేసరికి అదంతా తన సర్దుబాటు వల్లే అనుకుని పొంగిపోయారు. మీరు చేసింది ఎవరికీ అక్కర్లేదు. ఎవరికీ."

 వెంకటరత్నమ్మ చేట కింద పెట్టింది.

"తీగ ఏది?"

"కాలవలో పడేశాను. జనం వచ్చేలోపే."

"తాగి ఉన్నాడని చెప్పింది కూడా మీరేనా?"

"వాళ్ళే అడిగారు. అతను కొట్టం వెనక్కి ఎందుకెళ్ళాడు, తాగి ఉన్నాడా అని. నేను..." రామబ్రహ్మం నుదురు తుడుచుకున్నాడు. "అవునన్నాను. కాదంటే ఎందుకెళ్ళాడని తవ్వుతారు. తవ్వితే తీగ దగ్గరికి వస్తారు."

"అమ్మా, నీకూ తెలుసా?"

వెంకటరత్నమ్మ కూతురి మొహంలోకి చూడలేదు. "ఆ రోజు మీ నాన్న నూతి దగ్గర చేతులు కడుక్కున్నారు. కడిగిందే కడిగి, కడిగిందే కడిగి. ఏమిటండీ అన్నాను. అప్పుడు చెప్పారు." చేట అంచు తడిమింది. "మొన్న ఆ పిల్ల వచ్చి ఇక్కడే కూర్చుంటే మజ్జిగ ఇచ్చాను. వెళ్తూ నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆ రాత్రి ముద్ద దిగలేదే నాకు."

"ఆ పుస్తకం ఇలా ఇవ్వు," అన్నాడు రామబ్రహ్మం. గొంతులో కోపం లేదు. చెయ్యి చాపాడు.  "రాధా, నీ తండ్రి ముసలివాడు. కేసు పెడతారు, మిల్లు మూస్తారు, జైల్లో పెడతారు. ఆ పిల్లకి జీవితాంతం పని ఇస్తాను. నా ఇంట్లో మనిషిలా చూసుకుంటాను. చచ్చినవాడు ఎలాగూ రాడు."

"మరి ఆయన? ఉద్యోగం పోయినా సరేనని కాగితం రాసుకుని కూర్చున్నారు, తన తప్పేనని."

"అలా రాయొద్దని చెప్పు. ముత్తెన్న తాగాడన్న మాటే ఉండనీ. ఎవరికీ ఏమీ కాదు."

ఎవరికీ ఏమీ కాదన్న మాట రాధాకుమారి చెవుల్లో చాలాసేపు నిలిచిపోయింది. చిన్నప్పుడు జ్వరం వస్తే భుజాన వేసుకుని నిజాంసాగర్ కాలవ గట్టున రాత్రంతా నడిపించిన మనిషి. ఆమె చదువు కోసం ఊరంతా వద్దన్నా నిజామాబాదు హాస్టల్లో చేర్చిన మనిషి. అతని చాపిన చెయ్యి ముందే ఉంది. ఇచ్చేస్తే సరిపోతుంది.

ఆమె లేచింది. పుస్తకం గుండెకి ఆనించి పట్టుకుంది.

"రాధా!"

"అమ్మా, నువ్వు చెప్పు. ఇచ్చెయ్యనా?"

వెంకటరత్నమ్మ పెదవులు కదిలాయి.  చేట ఒళ్ళోకి తీసుకుని మళ్ళీ రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. రాయేదో పప్పేదో ఆమెకి కనిపించడం లేదు.

* * *

రాధాకుమారి ఇంటికి వచ్చేసరికి హరనాథబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచి పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఎదురుగా ప్రేమల. ఇద్దరి మధ్యా కాగితం. సంతకం పెట్టేసి ఉంది.

"ఎక్కడికెళ్ళావు? కాళ్ళేమిటి అలా ఉన్నాయి?" అన్నాడు.

"సారు అంత చెప్పిండక్కా," అంది ప్రేమల. ఆమె కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. "తప్పు నాదని రాసిన, మీ ఆయన తాగలేదని రాసిన అన్నడు. గంత మంచిగ ఎవరు రాస్తరు? కని సారూ, మీ నౌకరి పోతే మా ఆయన పాణం ఒప్పదు. మిమ్మల్ని దేవుని లెక్క సూస్తుండె. గట్ల రాయకురి."

"రాశానమ్మా. అయిపోయింది." హరనాథబాబు భార్య చేతిలోని నోటుబుక్కు వైపు చూశాడు. "పుస్తకం నువ్వు తీసుకెళ్ళావని చెప్పింది. అంకెలే ఉన్నాయన్నావట?"

రాధాకుమారి అరుగు మెట్టు మీద కూర్చుంది. దారి పొడుగునా ఎన్నో మాటలు కూర్చుకుంది. అవన్నీ వదిలేసి, పుస్తకం తెరిచి ఆఖరి పేజీ పైకి చదివింది. ముత్తెన్న రాసినట్టే, ఒక్క ముక్క వదలకుండా.

ప్రేమల వింటూ వింటూ, భర్త మాటలు వినిపిస్తున్నట్టు తల పక్కకి వంచింది. సారు వచ్చాక చెప్పాలన్న మాట దగ్గర కళ్ళు మూసుకుంది.

 హరనాథబాబుకి ఎవరూ వివరించనక్కర్లేదు.

"ఫ్యాను మీటరులో లేదు," అన్నాడు మెల్లిగా. "మూడో వంతు... అందుకా?" చొక్కా పై గుండీ తీసుకున్నాడు. "నేను ఢిల్లీ దాకా రాశాను ఆ అంకె."

"నాన్న వేశారు తీగ," అంది రాధాకుమారి.

"తెలిసింది."

"మీ కోసమని..."

"చెప్పొద్దు." చెయ్యి అడ్డం పెట్టాడు. "నా కోసమని మాత్రం చెప్పొద్దు."

మళ్ళీ తనే అడిగాడు. "నువ్వు ఎప్పుడు చదివావు ఇది?"

"పొద్దున. మీరు స్నానానికి వెళ్ళినప్పుడు."

"చదివి, ఈమెతో అంకెలన్నావు."

"అన్నాను."

"మీ నాన్న ఈ పుస్తకం చింపేసి ఉంటే నాకు చెప్పేదానివా?"

అబద్ధం ఆడడానికి వీలున్న ప్రశ్న అది. రాధాకుమారి అతని కళ్ళలోకే చూసింది. "తెలియదండీ. నిజంగా తెలియదు."

హరనాథబాబు మొహం తిప్పుకున్నాడు. ఆరేళ్ళ కాపురంలో అతను ఆమె మీద కేకలు వేసిన రోజులున్నాయి, అలిగి మాట్లాడని రోజులున్నాయి. ఇలా మొహం తిప్పుకున్న రోజు లేదు.

ప్రేమల ఇంతసేపూ కదలకుండా కూర్చుంది. ఇప్పుడు అడిగింది. ఏడుపు లేదు, కోపం లేదు. దారి అడిగినట్టు అడిగింది.

"అక్కా. అయితే మా ఆయన తాగలేదని మీ నాయినకు ఎర్కనేనా?"

"తెలుసు."

"ఎర్కై గూడ తాగిండని చెప్పిండా?"

"చెప్పాడు ప్రేమలా."

"మొన్న పని ఇస్తనన్నప్పుడు గూడ ఎర్కనే. మీ అమ్మ సల్ల పోసినప్పుడు ఆమెకు గూడ ఎర్కనేనా?"

రాధాకుమారి తలూపింది. 

"పని మీద పోయిండక్కా. మా ఆయన పని మీద పోయిండు." అది ఎవరితో అందో తెలియదు. ఒకటికి రెండుసార్లు తనలో తను అనుకుంది. తరవాత లేచి, కొంగు తల మీదికి లాక్కుని, నడుముకి దోపుకుంది. మెట్లు దిగింది.

గేటు బయట దారి రెండుగా చీలుతుంది. ఎడమకి వెళ్తే బస్టాండు, పిట్లం బస్సు. కుడికి వెళ్తే మిల్లు.

ప్రేమల కుడికి తిరిగింది.

"ప్రేమలా! ఆగు, నేనూ వస్తాను," అంటూ రాధాకుమారి పరుగున గేటు దాకా వెళ్ళింది.

ప్రేమల ఆగి వెనక్కి తిరిగింది. రాధాకుమారి మొహంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వు రాకక్కా. నువ్వొస్తె నాకు నోరు రాదు."

అని నడిచిపోయింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. వెనకనుంచి చెప్పుల చప్పుడైంది. హరనాథబాబు చేతిసంచి అరుగు మీదే వదిలేసి, నోటుబుక్కు చేతిలో పట్టుకుని వచ్చాడు. భార్య పక్కనుంచే, ఆమె వంక చూడకుండా గేటు దాటి, ప్రేమల వెళ్ళిన వైపు నడిచాడు.

రాధాకుమారి గేటు కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.